తెల్లబడిన పసుపుతాడు

తాండూరు మార్కెట్ సందులో మొగుడితో కలిసి ఫోటో స్టూడియో నడిపే అనూషకి ఒక జబ్బుంది. చేసిన పనినే మళ్ళీ చెయ్యమంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చిన ప్రతివాళ్ళకీ గడ్డం ఎత్తండి, భుజాలు దించండి అని చెప్పి చెప్పి విసిగిపోయి, ఒకరోజు సరిగ్గా కూర్చున్న మనిషి బొమ్మ గీసి గోడకి అంటించింది. అప్పటినుంచి నోటితో చెప్పడం మానేసి వేలితో చూపిస్తుంది. కోడలికి ఒళ్ళు వంగదని అత్త కస్తూరమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంటుంది. అనూష లేనప్పుడు కొట్లో కూర్చుని ఆవిడ కూడా ఆ బొమ్మనే వేలితో చూపిస్తుంది.

నిజం చెప్పాలంటే ఒళ్ళు వంగనివాళ్ళకి ఇంత శ్రమ చేతకాదు. ఒక పనిని తప్పించుకోవడానికి దానికి పదింతల పని చేసే రకం అనూష. వికారాబాద్‌లో డిగ్రీ చదివి, పెళ్ళయి తాండూరొచ్చి, మొగుడు అమర్‌నాథ్ పనితీరు చూసి మొదటి నెలలోనే తల పట్టుకుంది. అమర్‌నాథ్ ఫోటో తీస్తే చూసినవాళ్ళు చూస్తూ ఉండిపోవాల్సిందే, అందులో మాట లేదు. కానీ తీశాక ఒక్కో పెళ్ళి ఫోటోలనీ కంప్యూటర్ ముందు పెట్టుకుని, చింతపండులో గింజలు ఏరినట్టు ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చునేవాడు. ఆల్బమ్ చేతికొచ్చేసరికి కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి కాన్పుకొచ్చేది. జనం కొట్టు ముందు నిలబడి అరిచిపోయేవాళ్ళు. అమర్‌నాథ్ తల వంచుకుని వినేవాడు, మర్నాడు మళ్ళీ ఒక్కొక్కటే మొదలుపెట్టేవాడు.

అప్పుడు అనూష స్క్రిప్టు రాయడం నేర్చుకుంది. అదేం బ్రహ్మవిద్య కాదు, ఫోటోషాప్‌కి వరసగా రాసిచ్చే పనుల చీటీ, అంతే. ఈ ఫోల్డరు తెరువు, మొదటి ఫోటో తియ్యి, వెలుతురు ఇంత పెంచు, సైజు ఇంతకి దించు, పక్క ఫోల్డర్లో దాచు, మూసెయ్యి, తర్వాతది తియ్యి. ఒకసారి నడిపించి వదిలేస్తే ఫోల్డరు ఖాళీ అయ్యేదాకా అది అలా చేసుకుంటూ పోతుంది. దానికి నడుం నొప్పి రాదు, టీ అక్కర్లేదు, ఎందుకని అడగదు. అడగకపోవడం గొప్ప సుగుణం అనుకుంది అనూష. చాలామంది యజమానులు అలాగే అనుకుంటారు, పాపం.

స్క్రిప్టు వచ్చాక స్టూడియో బతుకే మారిపోయింది. ఫోటోలు చెప్పిన రోజుకి చేతిలో పడుతుంటే ఊళ్ళో పేరొచ్చింది, వికారాబాద్ దాకా పాకింది. అయితే ఒక ఫిర్యాదు మాత్రం పోలేదు. ఈ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళలో లైట్లు పసుపు, పైన కట్టే గుడ్డలు పసుపు, ఫోటోల్లో జనమంతా కామెర్లొచ్చినట్టు కనిపించేవాళ్ళు. "మా పిల్లగాని మొఖం జర తెల్లగ చెయ్యక్కా" అని వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకే పాట. అనూష విసుగొచ్చి చీటీలో ఇంకో వరస చేర్చింది. ఫోటోలో పసుపు రంగు ఎక్కడున్నా పట్టుకుని, ఆ రంగు లాగేసి, అక్కడ కాస్త తెలుపు పెంచే వరస. పుట్టినరోజుల మీద నడిపించింది, బ్రహ్మాండం. షాపు ఓపెనింగుల మీద, ఎవరో మాస్టారి రిటైర్మెంటు మీద నడిపించింది, అందరూ పాలతో కడిగినట్టు వచ్చారు. అవన్నీ పెళ్ళిళ్ళు లేని నెలల్లో జరిగిన సంగతులు. ముహూర్తాలు మొదలయ్యాక దాని చేతికి వచ్చిన మొదటి పెళ్ళి వర్షితది.

వర్షితది మర్పల్లి. ఆస్తిపాస్తులున్న రెడ్ల కుటుంబం, తండ్రి జనార్దన్ రెడ్డికి పొలాలే కాక వికారాబాద్‌లో ఎరువుల దుకాణం కూడా ఉంది. ఆ పిల్లకి ఇది రెండో పెళ్ళి. మొదటిసారి చేసుకున్న అబ్బాయి ఏడాది తిరక్కుండానే రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై రెండు నిండలేదు. తరవాత నాలుగేళ్ళు ఆ పిల్ల ఏ పేరంటానికి వెళ్ళినా పసుపు కుంకాల పళ్ళెం ఆమె ముందు ఆగకుండా పక్కవాళ్ళకి పోయేది. తండ్రి పట్టుబట్టి, నవాబుపేట అబ్బాయి శ్రీకాంత్‌తో మళ్ళీ పెళ్ళి కుదిర్చాడు. చుట్టాలు ఎదురుగా మంచిపనన్నారు, పక్కకి తిరిగి వేరే అన్నారు. ఎవరేమన్నారో వర్షితకి తెలియని మాట ఒక్కటి లేదు.

పెళ్ళికి ముందు ఆమె తాండూరు కొట్టుకి వచ్చింది. డ్రోన్ కావాలా, పాటలతో వీడియో కావాలా అని అమర్‌నాథ్ అడుగుతుంటే అన్నిటికీ మీ ఇష్టం అంది. పోయేముందు మాత్రం అనూష దగ్గరికి వచ్చి, "పసుపుతాడు కట్టేటప్పటి ఫోటో ఒక్కటి మంచిగ రావాలక్కా. తక్కినయి ఎట్లున్నా సరే. ఎవ్వరేమన్నా గది చూయిస్త" అంది. అనూష ఆమె చెయ్యి పట్టుకుంది. తప్పకుండా వస్తుందని మాటిచ్చింది.

పెళ్ళయింది. పదహారు రోజుల పండుగకి వికారాబాద్‌లో హాలు మాట్లాడారు. ఆ రోజు పసుపుతాడు తీసి పుస్తెల్ని బంగారు గొలుసులోకి మారుస్తారు, కాబట్టి ఆ తర్వాత పసుపుతాడు ఇక ఫోటోల్లోనే. వేదిక వెనక పెద్ద తెర పెట్టి, భోజనాల ముందు పెళ్ళి ఫోటోలన్నీ వేయించాలని జనార్దన్ రెడ్డి కోరిక. నోళ్ళు మూయించడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది. అమర్‌నాథ్ ఏరిన ఫోటోల మీద అనూష స్క్రిప్టు నడిపించింది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. మొదటి నాలుగైదు తెరిచి చూసుకుంది. ఎదుర్కోళ్ళలో తెల్ల చొక్కాల మగవాళ్ళు, షర్బత్ గ్లాసులు, నవ్వులు. ముచ్చటగా ఉన్నాయనుకుని మూసేసింది. పొద్దున్నే అమర్‌నాథ్ కెమెరాలూ పెన్‌డ్రైవూ పట్టుకుని బస్సెక్కాడు.

ఎండ ముదిరాక కొట్లో బేరాలు తగ్గాయి. అనూష కంప్యూటర్లో అవే ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పెట్టి, లెన్సులు తుడుచుకుంటూ కూర్చుంది. కస్తూరమ్మ ఇంటినుంచి టిఫిన్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమే, గిది ఎవలి పెండ్లి?"

"మర్పల్లి పిల్లది అత్తమ్మ. వర్షిత."

"పిల్ల గట్లున్నదేంది?"

అనూష తలెత్తింది. తెర మీద వర్షిత పీటల మీద కూర్చుని ఉంది. పసుపులో ముంచి ఆరేసిన పెళ్ళిచీర తెల్లగా ఉంది, ఏ రంగూ లేకుండా, ఉతికి ఆరేసిన పంచెలా. చేతులకి రాసిన పసుపు బూడిదలా ఉంది. శ్రీకాంత్ ఆమె మెడ వెనక ముడి వేస్తున్నాడు. అతని వేళ్ళ మధ్య తాడు తెల్లదారంలా ఉంది. బంగారు పుస్తెలు వెండిలా పాలిపోయాయి. బొట్టు ఒక్కటే ఎర్రగా ఉంది.

"పసుపేదే? తాడు తెల్లగున్నది, బట్టలు తెల్లగున్నయి." కస్తూరమ్మ గొంతు దించేసింది. "ఒకపారి మొగడు వోయిన పిల్లను గిట్ల చూపిస్తరా ఎవలన్న?"

అనూష లెన్సు పక్కన పెట్టి మౌస్ అందుకుంది. అసలు ఫోటో తెరిచింది. అందులో నిండు పసుపు, తాడు పచ్చగా తళతళమంటోంది. స్క్రిప్టు దాచిన ఫోటో తెరిచింది. తెలుపు. మామూలుగానైతే ఆమె తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కునేది, ఇక్కడ వెతకడానికి ఏమీ లేదు. పసుపు తీసెయ్యమని తనే రాసింది, అది తీసేసింది. లైట్ల పసుపేదో పుస్తెల పసుపేదో దానికి ఎవరు చెప్పారు గనక!

"నేనే తీసేసిన అత్తమ్మ," అంది. "పెన్‌డ్రైవ్ పొద్దుగాలనే వోయింది."

కస్తూరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే అనూషకి కొంచెం నయంగా ఉండేది. "ఉరుకు," అంది ఆవిడ. "ఫోన్ జెయ్యి ముందుగాల."

చేసింది. అమర్‌నాథ్ ఎత్తలేదు. కెమెరా చేత పడితే ఫోను సంచిలో పడేసే మనిషి అతను, ఆ అలవాటు మీద ఇద్దరికీ ఎన్నోసార్లు గొడవైంది. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. ఆఖరికి జనార్దన్ రెడ్డికే చేసింది. అవతల బ్యాండు మోగుతోంది.

"సార్, తాండూరు నుంచి అనూషను. ఫోటోలు ఇప్పుడే వెయ్యకుండ్రి సార్."

"ఫోటోలా? మస్తొచ్చినయట బిడ్డ! అమర్ జెప్పిండు. నువ్వెందుకు రాలే? అన్నాలకన్న రా!"

"అది గాదు సార్, అండ్ల..." నాలిక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది. మీ బిడ్డ మెడలో తాడు తెల్లగా కనిపిస్తోంది అని ఆ తండ్రికి, ఆ రోజున, ఏ నోటితో చెప్పాలి? చెవిన పడ్డ మాట జన్మంతా పోదు. "జర ఆపుండ్రి సార్, నేనొస్తున్న" అని మాత్రం అంది. "రా రా, తొందరేం లేదు" అని ఆయన పెట్టేశాడు. అనూష మాట మింగినందుకు తనని తానే తిట్టుకుంది, కానీ మళ్ళీ చేసే ధైర్యం రాలేదు.

అసలు ఫోటోలు మరీ పెద్దవి, స్క్రిప్టు సైజు దించందే హాలు తెర మీద తెరుచుకోవు. వాటి ఫోల్డరుని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అది ఎక్కుతున్నంతసేపూ ఆమె కొట్లో గుమ్మం దగ్గర్నుంచి బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా తిరిగింది. కస్తూరమ్మ రోడ్డు మీద నిలబడి ఆటో ఆపి ఉంచింది. స్టేషన్‌కి పోయేసరికి గుల్బర్గా వైపునుంచి వచ్చిన రైలు కదలబోతోంది. లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని చేతికందిన డబ్బాలోకి ఎక్కింది.

లోపల కాలు పెట్టే సందు లేదు. అనూష తలుపు పక్కన కింద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. తెరవగానే బ్యాటరీ గుర్తు అడుగంటి కనిపించింది. అది ముసలి లాప్‌టాప్, ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయింది. స్క్రిప్టు తెరిచి పసుపు పట్టే ఆ ఒక్క వరసనీ చెరిపేసింది. అందరి మొహాలూ పచ్చగా ఉంటే ఉండనీ, కామెర్లనుకుంటే అనుకోనీ. నడిపించబోయి చెయ్యి ఆపింది. ఈ స్క్రిప్టు ఎప్పుడూ మొదటినుంచి పోతుంది. ఎదుర్కోళ్ళ షర్బత్ గ్లాసులు సరిచేస్తూ కూర్చుంటే తాడు కట్టే చోటుకి రాకముందే బ్యాటరీ చస్తుంది. రైలు ఊపులకి వేళ్ళు తప్పుతుంటే, రాసింది చెరిపి మళ్ళీ రాస్తూ, ముందు నలుగు, పీటలు, జీలకర్ర బెల్లం, తాడు, తలంబ్రాలు, ఆ తర్వాతే తక్కినవి అని వరస మార్చింది. మీట నొక్కింది.

మొదటి ఫోటో తెరుచుకుంది. నలుగు పెట్టిన వర్షిత, మొహం నిండా పసుపు, పక్కన ఎవరో అత్త నవ్వుతోంది. మూసుకుంది. రెండోది తెరుచుకుంది. ముసలి లాప్‌టాప్ రొప్పుతూ ఒక్కొక్కటే తీస్తోంది. పనంటే ఇంత ప్రాణం మీదికొచ్చేలా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇన్నాళ్ళూ నడిపించి వదిలేసి టీ తాగేది. ఇప్పుడు ఒక్కో ఫోటో తెరుచుకోగానే అందులో పసుపుందా లేదా అని కళ్ళు పెట్టుకుని చూస్తోంది, అమర్‌నాథ్ చూసినట్టు.

బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. కిటికీ పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ, గుల్బర్గా మనిషిలా ఉంది, ఇందాకటినుంచీ ఒంగి చూస్తోంది. "మదువె ఫోటోనా?" అని అడిగింది. పెళ్ళి ఫోటోలేనని అనూష తలూపింది. ఊపుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమర్థమైందో ఏమో, ఆవిడ సీటు పక్కనున్న ప్లగ్గులోంచి తన ఫోను పీకేసింది. లేచి నిలబడి, "ఇల్లి కూత్కొళ్ళమ్మా" అని చెయ్యి పట్టుకుని అనూషని తన చోట్లో కూర్చోబెట్టింది. ఆ ప్లగ్గు వదులు, వైరుని వేలితో నొక్కి పట్టుకుంటేనే కరెంటు వస్తోంది. అనూష ఒక చేత్తో వైరు నొక్కిపట్టి, ఇంకో చేత్తో అమర్‌నాథ్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. అవతల మోగుతూనే ఉంది.

వికారాబాద్ రాకముందే తాడు కట్టే ఫోటోలు అయిపోయాయి. తలంబ్రాలు నడుస్తుండగా ఆపేసి, అయినవాటిని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి గుప్పిట్లో పట్టుకుంది. పుట్టి పెరిగిన ఊరు, స్టేషన్ బయట ఎవరో పలకరిస్తే అటు చూడనైనా లేదు. ఆటో అతన్ని ఉరికించి ఉరికించి హాలు ముందు దిగింది.

లోపలికి అడుగు పెట్టేసరికి ఫోటోలు వేస్తున్నారు.

హాలంతా నిండుగా ఉంది. వేదిక మీద సోఫాలో వర్షిత, శ్రీకాంత్ కూర్చుని ఉన్నారు, వాళ్ళ వెనక గోడంత తెర. తెర మీద నలుగు ఫోటోలు నడుస్తున్నాయి. వర్షిత మొహం పిండి జల్లినట్టు ఉంది. ముందు వరసలో ఆడవాళ్ళు మెచ్చుకుంటున్నారు. "మస్తు తెల్లగ జేసిండ్రు కదనే, పౌడర్ కొట్టినట్టు!" ఇంకా ఎవరికీ అర్థం కాలేదన్నమాట. నలుగు అయ్యాక పీటలు, పీటల తర్వాత తాడు. అనూష కుర్చీల మధ్యనుంచి ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూసుకోకుండా వేదిక పక్కకి ఉరికింది.

తెర నడిపే చెన్నయ్య ఒక మూల చిన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆపు. జల్ది ఆపు."

"మీరెవలు మేడం?"

"ఫోటోలోళ్ళం. గవి తప్పు ఫోటోలు. గిది పెట్టు."

"పెద్దసారు పెట్టుమన్నడు, నేను పెట్టిన. మధ్యల ఆపితే నా మీదికొస్తరు మేడం. సారును అడుగుండ్రి."

సారు హాలు అవతలి చివర పెళ్ళికొడుకు తరఫువాళ్ళని వరసగా పలకరిస్తున్నాడు. తెర మీద జీలకర్ర బెల్లం వచ్చింది. తెల్లచీరలో వర్షిత. మెచ్చుకోలు మాటలు పల్చబడ్డాయి. అనూష ఇక ఆగలేదు. చెయ్యి చాపి చెన్నయ్య కంప్యూటర్‌కున్న పెన్‌డ్రైవ్‌ని పీకేసింది.

తెర నల్లబడుతుందనుకుంది. నల్లబడలేదు. పీకిన క్షణాన ఏ ఫోటో ఉందో అదే అతుక్కుపోయింది. వంచిన తల, తెల్లచీర, మెడ మీద శ్రీకాంత్ వేళ్ళు, వేళ్ళ మధ్య తెల్లతాడు. మామూలుగా కాసేపుండి పోవలసిన ఫోటో గోడంత పెద్దదై అక్కడే నిలబడిపోయింది.

హాలు చప్పుడు ఆగిపోయింది. గిన్నెల దగ్గరి గరిట చప్పుడు కూడా వినిపించింది. ముందు వరసలో వర్షిత చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కావిడతో అంది, మెల్లగా అన్నాననుకుంది గానీ అందరికీ వినబడింది: "నేను ముందే అన్న గద."

చెన్నయ్య మీటలన్నీ నొక్కుతున్నాడు. "హ్యాంగైంది మేడం, మీరే జేసిండ్రు, మీరే జేసిండ్రు" అంటున్నాడు. అనూష తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టింది, ఆ కంప్యూటర్‌కి చలనం లేదు. వేదిక మీద వర్షిత మెల్లగా వెనక్కి తిరిగింది. తిరిగి తన ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది. కెమెరా పట్టుకున్న అమర్‌నాథ్ తెరనీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది.

అనూష మెట్లెక్కి వేదిక మీదికి వెళ్ళింది. పురోహితుడి ముందున్న మైకు తీసుకుంది. జన్మలో మైకు పట్టి ఎరగదు.

"నేను ఫోటోలామెను," అంది. "గీ ఫోటోల పసుపున్నది. నిండుగున్నది. నేను కంప్యూటర్ల తీసేసిన. లైట్ల పచ్చదనం పోవాలని పసుపంత తీపిచ్చిన, చూసుకోలే. తప్పు నాది. పిల్లది గాదు, ఎవ్వలిది గాదు, నాది."

జనంలోంచి ఎవరో "ఫోటోలు తీసేటోళ్ళకు బుద్ధుండాలె" అన్నారు. ఉండాలి, నిజమే అన్నట్టు ఆమె తల వంచుకుంది. జనార్దన్ రెడ్డి కుర్చీలు తోసుకుంటూ వస్తున్నాడు, ఆయన మొహం చూడలేక అనూష కళ్ళు మూసుకుంది. అప్పుడే చెన్నయ్య కంప్యూటర్‌ని పూర్తిగా ఆర్పి మళ్ళీ వెలిగించాడు. తెర నల్లబడి, నీలమై, అనూష తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి అతను తాడు కట్టే ఫోటో తెరవగానే ఒక్కసారిగా పచ్చబడింది.

తాడు పచ్చగా ఉంది. చీర పచ్చగా ఉంది. వర్షిత బుగ్గల మీద, చేతుల మీద, శ్రీకాంత్ వేళ్ళ మీద కూడా పసుపు. ఎవరో చప్పట్లు కొట్టారు. శ్రీకాంత్ తల్లి లేచి వచ్చి కోడలికి దిష్టి తీసి మెటికలు విరిచింది. జనార్దన్ రెడ్డి అనూష ముందు ఆగి, ఏదో అనబోయి, తెర వైపు చూసి, "అన్నం దిని పో" అని వెళ్ళిపోయాడు. తలంబ్రాల ఫోటోలు వచ్చేసరికి జనం మామూలుగా మాట్లాడుకుంటూ భోజనాలకి లేచారు. చిన్నమ్మ కూడా లేచింది, "మంచిగున్నయి ఫోటోలు" అని అందరికంటే గట్టిగా అంటూ.

అనూష వేదిక వెనక, వైర్ల పక్కన మెట్టు మీద కూలబడింది. కాసేపటికి పట్టుచీర చప్పుడైంది. వర్షిత వచ్చి పక్కన కూర్చుంది.

"నన్ను మాఫ్ జెయ్యి," అంది అనూష. "నువ్వడిగింది ఒక్క ఫోటో. గదే ఖరాబు జేసిన."

"ఖరాబెక్కడైంది? మంచిగనే వచ్చింది గద." వర్షిత గొంతు మామూలుగానే ఉంది, అదే భయమేసింది అనూషకి. "అక్కా, గా తెల్ల ఫోటో నాకొకటి పంపుతవా?"

"ఎందుకు?"

"చూస్కుంట. నాలుగేండ్ల సంది మా చిన్నమ్మలు, మా మేనత్తలు నన్ను గట్లనే చూస్తున్నరు. మొన్న పెండ్లిల, మెడల ఇంత పసుపుతాడున్నా గట్లనే చూసిండ్రు. నాకు ఎరికైతనే ఉన్నది గని వాళ్ళ కండ్లకు నేనెట్లుంటనో ఇయ్యాలనే కనవడ్డది." చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "నీ కంప్యూటర్‌ది తెల్వనితనం. నువ్వు రైల్ల ఉరికొచ్చి దిద్దినవు. వీళ్ళను ఎవలు దిద్దాలక్కా?"

అనూషకి ఆ క్షణంలో హాల్లోని మనుషులందరి మీదా, వాళ్ళకంటే ఎక్కువగా తన మీదా పట్టరాని కోపం వచ్చింది. అందర్నీ తెల్లగా చెయ్యమని వచ్చినవాళ్ళ మాట విని, ఎందుకని అడక్కుండా చేసుకుపోయింది స్క్రిప్టొక్కటే కాదు.

"పంపను," అంది. "ఎంత అడిగినా పంప. గది నీ ఫోటో గాదు."

వర్షిత ఆమె వంక చూసింది. నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగిపోయి, పొద్దుటినుంచీ, నాలుగేళ్ళనుంచీ ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. కొత్త బంగారు గొలుసుని రెండు చేతుల్తో పట్టుకుని, అనూష భుజంలో తల దూర్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరికీ కనిపించకుండా అనూష హాలు వైపుకి వీపు తిప్పి కూర్చుంది.

పెళ్ళికూతుర్ని వెతుక్కుంటూ అమర్‌నాథ్ అక్కడికొచ్చాడు. అలవాటుగా కెమెరా కంటికి ఎత్తాడు. అనూష చెయ్యి చాపి లెన్సు మీద అరచెయ్యి పెట్టింది.

"గిది వద్దు," అంది.

అతను కెమెరా దించేసి, భోజనాల వైపునుంచి ఎవరూ అటు రాకుండా దారికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.